గడ్డి లారీకి ఊపిరాడిన ఏడాది

మా బావ లారీ పొగ పరీక్షలో ఎట్లా నెగ్గిందో సూర్యాపేట లారీ అడ్డాలో ఇప్పటికే తలా ఒక తీరుగా చెప్పుకుంటున్నారు. డీజిల్‌లో ఏదో మందు కలిపాడని కొందరు, పరీక్ష వేళకు వేరే లారీ సైలెన్సర్ తెచ్చి తగిలించాడని కొందరు, పొగ చూసే అతను మాకు చుట్టమని ఇంకొందరు. మందూ లేదు, మాయా లేదు, చుట్టరికం అసలే లేదు. మొదటినుంచి చివరిదాకా పక్కనే ఉండి చూసినదాన్ని నేను. చూసినవాళ్లు ఊరుకుంటే చూడనివాళ్ల మాటే నిలిచిపోతుంది. అందుకే రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. గడ్డి తోలే పాత లారీల వాళ్లు చాలామంది ఇప్పటికీ పొగగొట్టం మూతికి జాలీ కట్టుకుని తిరుగుతున్నారు. ఇది చదివి వాళ్లలో ఒక్కరు ఆ జాలీ విప్పినా చాలు.

నా సంగతి కొంచెం చెప్పాలి. పదో తరగతితో బడి మానేశాను. జాకెట్లు కుడతాను. మధ్యాహ్నం గిరాకీ తగ్గగానే మిషన్ మీద గుడ్డ కప్పి లైబ్రరీకి పోతాను. అక్కడ ముందు గదిలో పెద్దమనుషులు పేపర్ల కోసం ఒకరి చేతుల్లోకి ఒకరు చూస్తుంటారు. పక్క గదిలో పరీక్షలకు చదివే పిల్లలు తమ పుస్తకాలు తామే తెచ్చుకుని కుర్చీలు నింపేస్తారు. వెనక బీరువాల దగ్గరికి ఎవరూ రారు. ఆ బీరువాలే నా కాలేజీ. బావులు ఎట్లా తవ్వుతారో, ఓడలు ఎందుకు మునగవో, గుండె ఎట్లా కొట్టుకుంటుందో అక్కడే చదివాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వమే.

బావ అంటే మా అక్క భర్త. సొంత లారీ, తనే డ్రైవరు. ఎక్కేముందు తలుపు మీద అరచేత్తో ఒకసారి తడతాడు, ఎద్దు మూపురం తట్టినట్టు. ఎదురుగా ఎవడు ఎంత హారన్ కొట్టినా తన వేగం తనదే. లోడు కట్టాక తాడు ముళ్లన్నీ తనే చుట్టూ తిరిగి చూసుకుంటాడు, హమాలీలు ఎంత నమ్మకస్తులైనా సరే. నేను చూసిన మనుషుల్లో పని మీద అంత మర్యాద ఉన్నవాళ్లు తక్కువ.

ఆ లారీ ఒకప్పుడు మిర్యాలగూడ మిల్లులకు వడ్లు మోసింది. ఇప్పుడు ఆ పని కొత్త పెద్ద లారీలు తన్నుకుపోయాయి. పాతదానికి మిగిలింది వరిగడ్డి. వేసవిలో యాసంగి వరి కోతలయ్యాక నిడమనూరు, హాలియా వైపు పొలాల్లో గడ్డి ఎత్తి పాడి ఉన్న ఊళ్లకు చేర్చాలి. అక్క నవ్వుతూ అంటుంది: "బర్లే గాదు, మా ఇంట్ల మనుషులం గూడ గడ్డి మీదనే బతుకుతం."

గడ్డి బరువు తక్కువ, కొవ్వు ఎక్కువ అంటారు. లోడు బాడీకి రెండు పక్కలా బారెడు బయటికి పొంగుతుంది. బావ లారీకి పొగగొట్టం కుడివైపు, వెనక చక్రాలకు కాస్త ముందు ఉండేది. అంటే సరిగ్గా ఆ పొంగిన గడ్డి కింద. నిరుడు వేసవిలో నిడమనూరు దగ్గర ఒక పొలంలో లోడు సగమయ్యాక ఇంజన్ ఆపకుండా బండి ముందుకు జరుపుతుంటే గుప్పెడు గడ్డి జారి ఆ వేడి గొట్టం మీద పడి రాజుకుంది. ముందుగా చూసింది కూలీకి వచ్చిన ఒక ముసలామె.

"ఓ డ్రైవరూ, నీ బండి బీడీ తాగుతున్నది సూడు!"

కేక వేసి ఊరుకోలేదు. తాను తాగడానికి తెచ్చుకున్న క్యాను నీళ్లన్నీ గొట్టం మీద కుమ్మరించింది. నిప్పు అక్కడితో ఆగింది. ఆమె చూడకపోతే పైన ఉన్న ఇద్దరు కూలీలు మంటల్లో నిలబడి ఉండేవాళ్లు.

ఆ రోజు ఇంటికొచ్చి బావ అన్నం ముందు కూర్చుని, కలపకుండా చెప్పాడు. "గొట్టం జాగ మారేదాంక నేను గడ్డి ముట్ట."

అట్లా అని గడ్డి మానేస్తే లారీకి వేరే తిండి లేదు. గొట్టం మార్చుదామంటే ఇంకో చిక్కు. ఆ ఏడాది లారీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు దగ్గర పడింది. ముందు పొగ పరీక్ష నెగ్గాలి, తర్వాతే ఫిట్‌నెస్. పాత ఇంజన్‌కు గొట్టం అటూఇటూ తిప్పితే పొగ పెరుగుతుందని అడ్డాలో అందరూ భయపెట్టారు. పొగ పెరిగితే కాగితం రాదు. కాగితం రాని పాత లారీకి ఒకటే దారి, తుక్కు దుకాణం.

బావ మొదట హైవే పక్కన ఒక ఫిట్టర్‌తో పని చేయించాడు. గడ్డి లారీలకు అందరూ చేసేదే అతనూ చేశాడు. గొట్టాన్ని మోచేతిలా కిందికి వంచి, సన్నటి గొట్టం అతికి, నిప్పురవ్వలు రాకుండా మూతికి ఇనుప జాలీ బిగించాడు. కొన్నాళ్లకు లారీకి దమ్ము పోయింది. వంతెన ఎక్కేటప్పుడు మూలిగింది. వెనక నల్లటి పొగ. పొగ పరీక్షలు చేసే వ్యాను మన దగ్గర రోడ్డు పక్కన ఆగి ఉంటుంది కదా, అక్కడికి తీసుకెళ్తే ఆ వ్యాను అతను గొట్టంలో కడ్డీ పెట్టి, ఎక్సలేటర్ తొక్కించి, తల అడ్డంగా ఊపాడు.

"రాదన్నా. మిషన్ ఒప్పుకుంటలేదు."

"మిషన్ ఒప్పుకోకుంటే నువ్ ఒప్పుకో తమ్మీ," అన్నాడు బావ.

"నేను పొద్దంత ఈ రోడ్డు మీదనే నిలబడేటోన్ని. నేను ఒప్పుకుంటే ఆ పొగ తాగేది గూడ నేనే. బాగు చేయించుకొని రా, నీ కోసం జర ఆగుత."

బావకు కోపం రాలేదు. "పోరడు మంచోడే," అన్నాడు ఇంటికొచ్చి. తర్వాత నన్ను చూశాడు. ఎప్పుడూ నా చదువు మీద హాస్యమాడే మనిషి.

"ఏం మరదలా, ఊర్ల ఉన్న బుక్కులన్నీ నమిలితివి. నీ లైబ్రరీల లారీ బుక్కు లేదా?"

"ఉంటే ఏమిస్తవ్ బావా?"

"ముందుసీట్ల కూసోబెట్టుకొని కోదాడ తిప్పుత."

అక్క లోపలినుంచి అందుకుంది. "నన్నెప్పుడన్న తిప్పినవా?"

మర్నాడు మధ్యాహ్నం నేను వెనక బీరువాల దగ్గర ఉన్నాను. డీజిల్ మెకానిక్‌లకు తెలుగులో రాసిన పాఠ్యపుస్తకం ఒకటి దొరికింది, అట్ట ఊడిపోయి ఉంది. బండ్ల నియమాల పుస్తకం కోసం లైబ్రరీ అటెండరు స్టూలు వేసుకుని పై అర వెతికాడు. అది ఇంగ్లీషులో ఉంది. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను.

నాకు అర్థమైంది ఇది. డీజిల్ ఇంజన్‌లో నూనె కాలాలంటే దానికి తగినంత గాలి కావాలి. గాలి చాలక మిగిలిపోయిన నూనే నల్లపొగ. కాలిన పొగ పోయే దారి ఇరుకైతే అది లోపలే ఎదురు తన్నుతుంది, కొత్త గాలికి చోటివ్వదు. చదువుతుంటే మా అమ్మ కట్టెల పొయ్యి కళ్లముందు కనిపించింది. పొయ్యి వెనక పొగ పోయే కంత మూసుకుపోతే ఇల్లంతా పొగ. ముందు నోట్లో బూడిద నిండి గాలి ఆడకపోయినా పొగే. మంట బాగుండాలంటే రెండు వైపులా దారుండాలి. లారీకీ అంతే. మా ఫిట్టర్ సన్న గొట్టం పెట్టి, పదునుగా వంచి, జాలీతో మూతి కట్టాడు. ఆ జాలీకి మసి పట్టి రోజురోజుకూ ఇంకా మూసుకుపోయింది. నిప్పును ఆపుదామని కట్టింది ఊపిరిని ఆపింది.

నియమాల పుస్తకంలో ఇంకో మాట దొరికింది. పొగ కిందికి పోకూడదు, ఎడమకు పోకూడదు. వెనక్కో కుడికో పోవాలి. ఆలోచిస్తే సబబే. మన ఎడమ పక్కనే కదా నడిచేవాళ్లు, బస్సు కోసం నిలబడేవాళ్లు. కింద ఎండుగడ్డి, దుమ్ము. అంటే కిందికి వంచిన గొట్టంతో ఫిట్‌నెస్‌కు పోయినా తిప్పి పంపేవాళ్లే.

నేను చెప్పిందంతా బావ మధ్యలో ఒక్క మాట అనకుండా విన్నాడు. హాస్యం లేదు. "పొయ్యి లెక్క బాగుంది," అన్నాడు. "రేపు పొద్దుగాల తయారుండు." అక్క కూడా చెప్పులు వేసుకుంది. "నేను గూడ వస్త. ఇద్దరు గలిసి నా లారీని ఏం జేస్తరో ఏమో."

కోదాడలో హైవే నుంచి కాస్త లోపలికి సైలెన్సర్లు చేసే మేస్త్రి షెడ్డు ఉంది. పందిరికి సొరకాయల్లా పాత సైలెన్సర్లు వేలాడుతుంటాయి. మేస్త్రి ఇంజన్ ఆన్ చేయించి, పొగకు ఎదురుగా అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. చెయ్యి దగ్గరికి, దూరానికి జరిపాడు. తర్వాత సైలెన్సర్ పొట్ట మీద చిన్న కడ్డీతో కొట్టి చెవి ఆనించాడు.

"ఇది ఊపిరి బిగబట్టిందండీ. ఎవరు చేశారీ పని?"

నేను పుస్తకంలో చదివింది చెప్పాను. దారి ఇరుకైతే పొగ ఎదురు తన్నుతుందని, గొట్టం లావు సైలెన్సర్ మూతికి తగ్గకూడదని, మలుపు పదునుగా ఉండకూడదని. ఆయన చేస్తున్న పని ఆపి నా వైపు తిరిగాడు.

"ఇదంతా పుస్తకాల్లో ఉందామ్మా?"

"ఉందన్నా. బొమ్మలు గూడ ఉన్నయి." ఫోన్‌లో తీసుకొచ్చిన బొమ్మ చూపించాను.

దాన్ని పెద్దది చేసుకుని చాలాసేపు చూశాడు. "అబ్బో. మా షెడ్డు పని ఎవరో కూర్చుని ఓపిగ్గా రాశారే! ఇదిగో, ఈ మలుపు చూడు. నేనూ ఇట్టాగే వేస్తాను. మా గురువు ఇట్టాగే నేర్పాడు," అన్నాడు, దూరపు చుట్టం ఫోటో చూసి పోలిక పట్టినవాడిలా. తనకు తెలిసింది పుస్తకంలో ఉందని ఆయనకు సంతోషం. నేను చదివింది ఆయన చేతుల్లో ఉందని నాకు సంతోషం.

తర్వాత ఆయన చేసిన పని మరిచిపోలేను. సైలెన్సర్‌ను కదపలేదు. అది కంపెనీ పెట్టిన చోటే ఉండాలి అన్నాడు. సన్న గొట్టం, జాలీ కోసి పడేశాడు. జాలీలో మసి అట్టకట్టి, మాడిన దోసెలా ఊడింది. సైలెన్సర్ మూతికి సమానమైన లావు గొట్టం తీసుకుని, దాన్ని వంచకుండా, ఏటవాలు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను కొద్దిగా తిప్పుతూ అతికాడు. చివరికి అది నది మలుపు తిరిగినట్టు తిరిగింది. ఎక్కడా నొక్కు లేదు. లోపల వేలు పెట్టి అతుకు గరుకు తగలకుండా ఆకురాయితో అరగదీశాడు. గొట్టం చివర కుడివైపుకు, క్యాబిన్‌కూ బాడీకీ మధ్య ఉన్న సందులోకి తెచ్చాడు. గడ్డి పొంగేది బాడీ దగ్గర. ఈ సందు మీదికి రాదు.

ఎంత దూరంగా ఉన్నా గాలికి గడ్డి ఎగిరి పడొచ్చని గొట్టం పైన కాస్త ఎడంగా ఒక రేకు అడ్డం పెట్టబోయాడు. బల్లపరుపుగా పెడుతుంటే అక్క ముందుకొచ్చింది.

"గట్ల పెడితే గడ్డి ఆడనే కూసుంటదన్నా. చేట వంచినట్టు వంచు. గుడిసె కప్పు మీద వాన నీళ్లు నిలుస్తయా?"

మేస్త్రి రేకు దించి అక్కను చూశాడు, రేకును చూశాడు. "అక్క మాటే రైటు," అని దాన్ని ఏటవాలుగా వంచాడు.

అంతా అయింది. బావ తలుపు తట్టి ఎక్కాడు. ఇంజన్ ఆన్ చేసి ఎక్సలేటర్ తొక్కాడు.

నల్లటి పొగ.

ముందుకంటే తక్కువే, నిజం. కానీ వ్యాను అతను ఒప్పుకునేంత తక్కువ కాదు. మేస్త్రి మళ్లీ తొక్కమన్నాడు. మళ్లీ అదే. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు ఈ మధ్యే చూపించానని బావ చెప్పాడు. మేస్త్రి చెయ్యి పెట్టి చూసి, "దారి బాగానే ఉందండీ, గొట్టం తప్పు కాదు," అన్నాడు. బావ ఇంజన్ ఆపాడు. దిగలేదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తూ, "ఇగ ఖతం. తుక్కుకే," అన్నాడు మెల్లగా. ఆ మాట అతని నోట వినడం అదే మొదలు.

నాకు అమ్మ పొయ్యి మళ్లీ గుర్తొచ్చింది. వెనక కంత తెరిచాం. మరి ముందు నోరు?

"బావా, గాలి లోపలికి యాడ పోతది?"

"క్యాబిన్ ఎనక. గా నిలువు గొట్టం."

అక్క దానికి దగ్గరగా ఉంది. మెట్టు మీద కాలు పెట్టి ఎక్కి, ఆ గాలిగొట్టం మీది టోపీ లాంటి మూత కదిలించింది. లోపల ఏదో గుడ్డ చుట్టి తాడుతో కట్టి ఉంది. గడ్డి నలుసు, దుమ్ము పట్టి పిడకలా గట్టిపడింది. అక్క గోటితో ఒక పక్క గీకింది. కింద చిలకపచ్చ రంగు, పసుపు పువ్వు.

"ఇదేంది! ఇది నా చీర గదా!"

బావ క్యాబిన్‌లో స్టీరింగ్ మీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.

"ఓ మనిషీ, నిన్నే! నా చిలకపచ్చ చీర ఎలుకలు కొట్టినయంటివి గదా?"

"గడ్డి నలుసు ఇంజన్లకు పోవద్దని కట్టిన. గడ్డి తోలెటోళ్లందరు కడతరు," అన్నాడు బావ, గొంతు తగ్గించి.

మేస్త్రి పగలబడి నవ్వాడు. "పెద్ద ఎలుకేనండీ, లైసెన్సు కూడా ఉంది దీనికి!"

అక్క కోపంగా ఉండాలని చూసింది కానీ కుదరలేదు. అందరం నవ్వాం. బావ దిగి వచ్చి తనే తాడు కోశాడు. నిజానికి అతనిది మంచి ఉద్దేశమే. వడ్లు మోసినన్నాళ్లు ఆ గుడ్డ అవసరం రాలేదు. గడ్డికి దిగాక ఇంజన్ మీద ప్రేమతో కట్టాడు. కట్టి మరిచిపోయాడు. లోపలి ఎయిర్ ఫిల్టర్ కూడా దుమ్ముతో నిండి ఉంది. ఎదురు దుకాణం నుంచి కొత్తది తెచ్చి వేశారు. "గుడ్డలొద్దండీ. ఫిల్టర్ దుమ్ము దులుపుకుంటా ఉండండి, నిండితే మార్చేయండి," అన్నాడు మేస్త్రి.

ఈసారి తొక్కితే ముందు ఒక ముద్ద నల్లగా వచ్చింది. తర్వాత బూడిదరంగు. తర్వాత గొట్టం చివర వేడికి గాలి వణకడం తప్ప ఏమీ కనిపించలేదు. ఇంజన్ గొంతు కూడా మారింది. జలుబు వదిలిన మనిషి మాట్లాడినట్టుంది.

వెంటనే పరీక్షకు పోవద్దని మేస్త్రి చెప్పాడు. "బరువేసుకుని కొంత దూరం తోలండి. లోపల పట్టిన పాత మసి అదే ఊడ్చుకుపోతుంది. చల్లటి ఇంజన్‌తో పరీక్షకి ఎప్పుడూ నిలబడకూడదు." మిర్యాలగూడ మిల్లులకు గోనెసంచుల కట్టలు పోయేవి ఉంటే బావ ఎత్తించుకున్నాడు. హుజూర్‌నగర్ మీదుగా పోయాం. దారి పొడవునా బావ అద్దంలో వెనక్కి చూస్తూనే ఉన్నాడు. అక్క దుమ్ము దులిపిన చీర ముక్కను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆ పొగ పరీక్ష వ్యాను అతను వారంలో కొన్ని రోజులు మిర్యాలగూడ మిల్లుల దారిలో ఆగుతాడు. మమ్మల్ని చూసి చెయ్యి ఎత్తాడు. "వచ్చినవా అన్నా! సంసారమంత ఎంటేసుకొచ్చినవ్?"

"మిషన్‌ను బతిలాడనీకి," అంది అక్క.

అతను కడ్డీ గొట్టంలో పెట్టాడు. "తొక్కన్నా, పూర్తిగ తొక్కు. ఇడువు. మళ్ల తొక్కు." బావ తొక్కుతున్నాడు. అక్క మిషన్ వైపు చూడలేదు, బావ మొహం వైపే చూసింది. చివరికి మిషన్ ఒక కాగితం ఉమ్మింది. వ్యాను అతను దాన్ని చింపి, చదివి, మళ్లీ చదివి, బావ కిటికీ దాకా వచ్చి ఇచ్చాడు.

"పాస్ అన్నా. ఈసారి మిషన్ ఒప్పుకున్నది, నేను గూడ ఒప్పుకున్న."

బావ కాగితం అటూఇటూ తిప్పి నా చేతికిచ్చాడు. "సదువు మరదలా. నీ పొయ్యి మండింది."

సూర్యాపేటలో ఫిట్‌నెస్ చూసిన అధికారి ఒంగి గొట్టం చూసి, రేకు వాలు చూసి, "ఎవరు చేసిండ్రు?" అని అడిగాడట. "మేస్త్రి, మా ఇంటామె, మా మరదలు," అన్నాడట బావ. తన పేరు చేర్చుకోలేదు. పుస్తకం మాటను, ఆడవాళ్ల మాటను అందరిముందు అంత తేలిగ్గా ఒప్పుకున్న డ్రైవర్లు ఆ అడ్డాలో ఎందరున్నారో నాకు తెలియదు.

సాయం చేసినవాళ్లను పేరుపేరునా తలుచుకోవాలని ఉంది కానీ, "పేర్లు రాసి మమ్ముల రోడ్డు మీదకి గుంజకు," అన్నాడు బావ. కాబట్టి పిలుపులతోనే దండాలు చెబుతాను. పై అర పుస్తకం కోసం స్టూలెక్కిన లైబ్రరీ అన్నకు, ఎవరూ అడగని ఆ పుస్తకాన్ని తుక్కులో వేయనందుకు. మలుపును నదిలా తిప్పిన కోదాడ మేస్త్రికి. అబద్ధం రాయనన్న వ్యాను తమ్ముడికి. చీర పోగొట్టుకుని రేకు వంపు చెప్పిన అక్కకు. నా మాట విన్న బావకు.

ఇంకొకామె ఉంది. ఈ ఏడు యాసంగి గడ్డికి బావ మళ్లీ నిడమనూరు పోయినప్పుడు నన్నూ తీసుకెళ్లాడు. అదే పొలం, అదే ముసలామె. లారీ ఆగగానే ఆమె గొట్టం కోసం పాత చోట వెతికి, లేకపోతే ముందుకొచ్చి కొత్తదాన్ని చూసింది. "ఇదేనా కొడుకా?" అని, కింద పడ్డ గడ్డి గుప్పెడు తీసి రేకు మీద వేసింది. జారి కింద పడింది. ఇంకో గుప్పెడు, ఈసారి బలంగా విసిరింది. అదీ జారిపోయింది. తన నీళ్ల క్యాను చంకలోంచి తీసి గట్టు మీద పెట్టి, పొలంలోని కూలీల వైపు తిరిగింది.

"బండి బీడీ మానింది! ఇగ ఎక్కియ్యుండ్రి గడ్డి!"